వారెంట్ లేకుండా పోలీసులు మన బండి సోదా చేయవచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను జిల్లా కోర్టులో వకీలుగా పనిచేస్తున్నాను. రాత్రి పదిన్నర దాటాక నాకు వచ్చే ఫోన్లలో చాలా వాటికి మొదటి మాట ఒకటే ఉంటుంది. "సార్, చెక్‌పోస్ట్ దగ్గర ఆపారు, డిక్కీ తీయమంటున్నారు. వారెంట్ చూపించమని అడగొచ్చా?" అడగొచ్చు. కానీ ఆ సమయంలో మిమ్మల్ని కాపాడేది ఆ ప్రశ్న కాదు. ఏ చట్టం కింద ఆపారు, ఏం రాసుకున్నారు, మీ చేతికి ఏ కాగితం ఇచ్చారు అన్నవే తర్వాత పనికొస్తాయి. అందుకే పదేపదే వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

అసలు వారెంట్ లేకుండా కారు సోదా చేసే అధికారం పోలీసులకు ఉందా?

ఉంది. సినిమాలు చూసి వారెంట్ లేనిదే ఏ తలుపూ తీయించలేరని చాలామంది అనుకుంటారు. మన చట్టంలో అలా లేదు. 2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, అంటే సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీఎన్‌ఎస్‌ఎస్ అమల్లోకి వచ్చింది. అందులో "స్థలం" అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే ఇల్లు, డేరా, పడవలతో పాటు వాహనం కూడా ఉంది. కాబట్టి ఇంటి సోదాకు పెట్టిన నియమాలు మీ కారుకూ వర్తిస్తాయి.

ముఖ్యమైనది 185వ సెక్షన్. ఒక కేసు దర్యాప్తు జరుగుతోంది, దానికి అవసరమైన వస్తువు ఫలానా బండిలో ఉందని నమ్మడానికి కారణం ఉంది, వారెంట్ కోసం కోర్టుకు వెళ్తే ఈలోపు అది చేజారిపోతుంది. ఇలాంటప్పుడు స్టేషన్ ఆఫీసర్ గానీ దర్యాప్తు అధికారి గానీ వారెంట్ లేకుండానే సోదా చేయవచ్చు. అయితే ఏ కారణంతో నమ్మారో, ఏ వస్తువు కోసం వెతుకుతున్నారో ముందే కేసు డైరీలో రాయాలి. సోదాను వీడియో తీయాలి, సెల్‌ఫోన్‌తో తీసినా చెల్లుతుంది. రాసుకున్న దాని నకలు 48 గంటల్లోపు మేజిస్ట్రేట్‌కు చేరాలి. బండి మీదైతే, మేజిస్ట్రేట్‌కు దరఖాస్తు పెట్టుకుంటే ఆ నకలు మీకు ఉచితంగా ఇస్తారు. ఈ చివరి సంగతి చాలామందికి తెలియదు. నా దగ్గరకు వచ్చేసరికి ఆ దరఖాస్తు పెట్టినవాళ్ళు ఒక్కరూ ఉండరు.

హెల్మెట్, లైసెన్స్ చెకింగ్ కోసం ఆపినప్పుడు డిక్కీ కూడా తీయాలా?

ట్రాఫిక్ చెకింగ్ వేరు, సోదా వేరు. మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ ప్రకారం యూనిఫాంలో ఉన్న ఏ పోలీసు అడిగినా లైసెన్స్ చూపించాలి. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా అడగవచ్చు. డిజీలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో చూపిస్తే సరిపోతుంది, జిరాక్స్ కట్టలు మోయక్కర్లేదు.

హెల్మెట్ లేదన్న ఒక్క కారణంతో మీ సంచులు విప్పే అధికారం మాత్రం ఆ చట్టంలో లేదు. దానికి అనుమానానికి తగిన కారణం, దాన్ని అనుమతించే వేరే చట్టం కావాలి. కానీ మాట్లాడుతుండగా సీటు కింద కత్తి కనబడిందనుకోండి, ఏదో దొంగసొమ్ము అన్న అనుమానం వచ్చిందనుకోండి, అప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 106 కింద దాన్ని స్వాధీనం చేసుకోవచ్చు. చలానాతో మొదలైన చెకింగ్ సోదాగా మారేది ఇలాగే.

"సార్, దేని గురించి చూస్తున్నారు?" అని మర్యాదగా అడగండి. ఈ చిన్న ప్రశ్నకు వచ్చే జవాబులోనే అది మామూలు చెకింగో, ఏదైనా సమాచారం మీద జరుగుతున్న సోదానో తెలిసిపోతుంది.

బైక్ తాళం లాక్కోవచ్చా? బండి పట్టుకుపోవచ్చా?

తాళం లాక్కోవచ్చని చెప్పే సెక్షన్ మోటారు వాహనాల చట్టంలో లేదు. బండిని ఆపి ఉంచే అధికారం 207వ సెక్షన్‌లో ఉంది, కానీ దానికి హద్దులున్నాయి. లైసెన్స్ లేకపోవడం, నడిపే వయసు లేకపోవడం, రిజిస్ట్రేషన్ లేకపోవడం, పర్మిట్ లేకపోవడం లేదా దాని షరతులు మీరడం. హెల్మెట్ లేకపోవడం ఈ జాబితాలో లేదు.

డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికితే?

వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. యూనిఫాంలో ఉన్న పోలీసు ఊదమంటే ఊదాలి. బండి విషయంలో 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు స్పష్టంగా చెప్పింది. పక్కన తాగని వ్యక్తి లైసెన్స్‌తో ఉంటే బండి అతనికివ్వాలి. లేకపోతే బంధువునో స్నేహితుడినో పిలిపించాలి. ఎవరూ రాకపోతేనే భద్రత కోసం స్టేషన్‌కు తీసుకెళ్ళాలి. ఆ తర్వాత ఆర్‌సీ, లైసెన్స్ చూపిస్తే ఇచ్చేయాలి.

గంజాయి అనుమానంతో ఆపితే నియమాలు మారతాయా?

పూర్తిగా మారతాయి. పాడేరు, చింతపల్లి, సీలేరు వైపు నుంచి కిందికి దిగే ఏ దారిలో వచ్చినా, భద్రాచలం మీదుగా తెలంగాణలోకి వెళ్ళినా మీ బండిని ఆపేది ఎక్కువగా దీనికోసమే. ఇక్కడ వర్తించేది మాదకద్రవ్యాల నిరోధానికి 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం. అది చాలా కఠినమైన చట్టం. 49వ సెక్షన్ ప్రకారం మాదకద్రవ్యాలు తరలిస్తున్నారన్న అనుమానం ఉంటే అధికారం ఉన్న అధికారి ఏ వేళైనా బండిని ఆపి, అంతా గాలించవచ్చు. ఆపడానికి వేరే మార్గాలన్నీ విఫలమైతే బండి మీద కాల్పులు జరపవచ్చని కూడా ఆ సెక్షన్‌లో రాసి ఉంది. కుర్రాళ్ళకు నేను ప్రత్యేకంగా చెప్పేది ఇదే. ఆపమన్నప్పుడు ఆపండి. టెన్షన్‌లో యాక్సిలరేటర్ తొక్కకండి.

ఇంత అధికారం ఇచ్చిన చట్టమే కళ్ళెం కూడా వేసింది. 42వ సెక్షన్ కింద సోదా చేసే అధికారి కానిస్టేబుల్ కంటే పై హోదాలో, ప్రభుత్వం అధికారం ఇచ్చినవాడై ఉండాలి. సమాచారం అందితే దాన్ని రాతలో పెట్టి 72 గంటల్లోపు పై అధికారికి పంపాలి. సూర్యాస్తమయం తర్వాత వారెంట్ లేకుండా సోదా చేస్తే, వారెంట్ కోసం ఆగితే సరుకు మాయమవుతుందనో మనిషి పారిపోతాడనో ఎందుకు నమ్మారో రాయాలి.

శిక్షల సంగతీ తెలుసుకోండి. గంజాయి కిలోలోపు అయితే చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. వాణిజ్య పరిమాణమైతే కనీసం పదేళ్ళు, బెయిల్ దొరకడం చాలా కష్టం. "ఫ్రెండ్ బ్యాగు సార్, ఏముందో తెలియదు" అన్న ఇరవై ఏళ్ళ పిల్లలు నెలల తరబడి జైల్లో ఉండటం నేను చూశాను. మీది కాని బ్యాగు మీ డిక్కీలో పెట్టనివ్వకండి.

రోడ్డు పక్కన ఆపి ఉన్న సొంత కారు బహిరంగ స్థలం కిందికి రాదా?

ఇది వకీళ్ళు కోర్టులో గంటల తరబడి వాదించే ప్రశ్న. ఎన్‌డీపీఎస్ చట్టం 43వ సెక్షన్ బహిరంగ స్థలాల గురించి చెబుతుంది. బస్సు, హోటల్, దుకాణం, జనం తిరిగే చోట్లు అందులోకి వస్తాయి. అక్కడ 42వ సెక్షన్‌లోని రాతకోతలు అక్కర్లేదు. అందుకే "రోడ్డు మీద దొరికింది కాబట్టి 43" అని ప్రాసిక్యూషన్ అంటుంది.

2021లో బూటా సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. హర్యానాలో పబ్లిక్ రోడ్డు మీద ఆగి ఉన్న జీపులో సరుకు దొరికింది. జీపు ప్రైవేటు వాహనం. అది నిలబడింది పబ్లిక్ రోడ్డే అయినా, ప్రజారవాణా వాహనం అయిపోదు. కాబట్టి 42 పాటించాల్సిందే. అసలేమీ పాటించలేదు కాబట్టి నిందితులు విడుదలయ్యారు. ఆర్టీసీ బస్సులో సోదాకూ మీ సొంత కారులో సోదాకూ మధ్య తేడా ఇదే.

నా జేబులు, బ్యాగు కూడా చూడవచ్చా?

ఎన్‌డీపీఎస్ కేసుల్లో ఒంటి మీద సోదాకు 50వ సెక్షన్ ఉంది. గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేట్ ముందో సోదా చేయించుకునే హక్కు మీకుందని ముందే చెప్పాలి. 1999లో బల్‌దేవ్ సింగ్ కేసులో, 2010లో విజయ్‌సింహ్ జడేజా కేసులో రాజ్యాంగ ధర్మాసనాలు దీన్ని గట్టిగా చెప్పాయి. "తహసీల్దారు గారిని పిలిపించండి, ఆయన ముందు చూడండి" అనడం మీ హక్కు. అలా అడిగినందుకు నేరం ఒప్పుకున్నట్టు కాదు.

కానీ ఈ రక్షణ శరీరానికే. చేతిలో ఉన్న సంచికి, కారు డిక్కీకి అది వర్తించదని 2005లో పవన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మామూలు కేసుల్లో అరెస్టు చేశాక మనిషిని సోదా చేసే అధికారం ఎలాగూ ఉంటుంది. ఒంటి మీద నుంచి తీసుకున్న వస్తువులకు రసీదు ఇవ్వాలి.

పంచనామా అంటే ఏమిటి? సంతకం పెట్టమంటే పెట్టాలా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. సోదా జరిగినప్పుడు ఆ ప్రాంతానికి చెందిన ఇద్దరు స్వతంత్ర సాక్షులు ఉండాలని బీఎన్‌ఎస్‌ఎస్ 103 చెబుతుంది. మన ప్రాంతంలో ఈ సాక్షులను మధ్యవర్తులు అంటాం. వీఆర్వోనో పంచాయతీ కార్యదర్శినో పిలిపిస్తారు. సోదా మీ ఎదుటే జరగాలి. ఏం దొరికిందో, ఎక్కడ దొరికిందో జాబితా రాసి, సాక్షుల సంతకాలు తీసుకుని, ఒక నకలు మీకివ్వాలి. ఈ కాగితమే పంచనామా. 105వ సెక్షన్ ప్రకారం ఈ జాబితా రాయడం, సంతకాలు పెట్టడం కూడా వీడియోలో రావాలి.

కాగితం మీద ఇంతే. రోడ్డు మీద ఎలా ఉంటుందంటే, జీపు బానెట్టే బల్ల. ఒక కానిస్టేబుల్ సెల్‌ఫోన్ టార్చి పట్టుకుంటాడు, ఇంకొకరు తెల్ల కాగితం మీద రాస్తుంటారు. గాలికి కాగితం ఎగరకుండా దాని మీద చార్జింగ్ అయిపోయిన వాకీటాకీ పెడతారు. కారులోంచి తీసినవన్నీ రోడ్డు అంచున టార్పాలిన్ మీద ఉంటాయి. స్టెప్నీ, పిల్లల స్కూలు బ్యాగు, ఆవకాయ జాడీ, ఏదీ వదలరు. అందరికీ త్వరగా అయిపోవాలని ఉంటుంది. అక్కడే తప్పులు దొర్లుతాయి. సోదా మొదలైన సమయం రాయరు. "డ్రైవర్ సీటు వెనక" అనాల్సింది "కారులో" అని రాస్తారు. రెండేళ్ళ తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ ఒక్క మాట మీదే కేసు నడుస్తుంది.

కాబట్టి చదవకుండా సంతకం పెట్టకండి. కళ్ళజోడు లేకపోతే చదివి వినిపించమనండి. ఖాళీ కాగితం మీద ఎంత బతిమాలినా, బెదిరించినా పెట్టవద్దు. రాసింది తప్పయితే మీ సంతకం పక్కనే సొంత చేతిరాతతో "ఇది నా సంచి కాదు" అని గానీ, "నాకు నకలు ఇవ్వలేదు" అని గానీ రాయండి. తేదీ, సమయం వేయండి.

నా ఫోన్ తీసి వాట్సాప్ చూడవచ్చా?

2021 అక్టోబరులో హైదరాబాద్‌లో బైకుల మీద వెళ్ళేవాళ్ళను ఆపి, వాట్సాప్‌లో "గంజాయి" అని వెతికిన వీడియో బయటికొచ్చి పెద్ద గొడవైంది. కేసు లేకుండా, అనుమానానికి కారణం లేకుండా దారిన పోయేవాడి ఫోన్ తెరిపించే అధికారం ఏ సెక్షన్‌లోనూ లేదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది. కేసు ఉంటే ఫోన్‌ను స్వాధీనం చేసుకోవచ్చు, అప్పుడు దాన్ని పంచనామాలో రాయాలి. ఊరికే అడిగితే "కేసు నంబరు చెప్పండి సార్, స్వాధీనం చేసుకున్నట్టు రాసివ్వండి" అనండి. నేనైతే అన్‌లాక్ చేసి ఇవ్వను.

ఎన్నికలప్పుడు డబ్బు తీసుకెళ్తుంటే పట్టుకుంటారట?

2024లో కోడ్ అమల్లో ఉండగా మా బాబాయి గుంటూరు యార్డులో మిర్చి అమ్మి లక్షా ఎనభై వేలతో అద్దె కారులో ఇంటికి బయలుదేరాడు. చెక్‌పోస్ట్ దగ్గర సీటు కింద సంచి చూసి డబ్బు తీసేసుకున్నారు. తక్‌పట్టీ (యార్డులో ఇచ్చే అమ్మకం చీటీ) జేబులోనే ఉంది. కంగారులో ఆయనకు అది చూపించాలని తోచలేదు, అవతలివాళ్ళు అడగనూ లేదు. తొమ్మిది రోజులు తిరిగితే గానీ డబ్బు చేతికి రాలేదు. ఆ తొమ్మిది రోజులూ కూలీలకు ముఖం చూపించలేక ఆయన ఊళ్ళోకే వెళ్ళలేదు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఎన్నికల సంఘం నిబంధన అసలు చెప్పేది వేరు. అభ్యర్థి, అతని ఏజెంటు, పార్టీ కార్యకర్త ఉన్న బండిలో, లేదా ఎన్నికల పోస్టర్లు ఉన్న బండిలో 50 వేలకు మించి నగదు దొరికితే స్వాధీనం చేసుకోవాలి. పది లక్షలు దాటిన నగదు కనబడితే ఆదాయపు పన్ను శాఖకు చెప్పాలి. సోదాను వీడియో తీయాలి. కానీ రోడ్డు మీద మాత్రం 50 వేలు దాటిన ప్రతి సంచినీ ఒకే కళ్ళతో చూస్తారు. కోడ్ ఉన్నన్నాళ్ళూ తక్‌పట్టీ గానీ, బ్యాంకు విత్‌డ్రా స్లిప్పు గానీ, పెళ్ళయితే శుభలేఖ గానీ డబ్బుతోపాటే పెట్టుకోండి. తీసుకుంటే రసీదు అడగండి. తిరిగి ఇప్పించడానికి ప్రతి జిల్లాలో ముగ్గురు అధికారుల కమిటీ ఉంటుంది. మర్నాడే అక్కడ దరఖాస్తు ఇవ్వండి.

బండిలో ఆడవాళ్ళు ఉంటే?

ఆడవాళ్ళను సోదా చేయాల్సింది మహిళే, మర్యాదకు భంగం లేకుండా. బీఎన్‌ఎస్‌ఎస్‌లోనూ ఎన్‌డీపీఎస్‌లోనూ ఇదే మాట. ఎన్నికల తనిఖీల్లో మహిళా అధికారి లేకుండా వాళ్ళ హ్యాండ్‌బ్యాగు కూడా తెరవకూడదు. "లేడీ కానిస్టేబుల్ వచ్చేదాకా కూర్చుంటాం" అని నిదానంగా చెప్పండి, చాలు.

అలిపిరి దగ్గర అందర్నీ దింపి చూస్తారు కదా, అది ఏ సోదా?

అది నేరం మీద అనుమానంతో చేసేది కాదు. కొండ మీదికి వెళ్ళడానికి పెట్టిన షరతు. మద్యం, మాంసం, పొగాకు వంటివి తిరుమలకు తీసుకెళ్ళకూడదు, భద్రత కూడా ముఖ్యం. ఇష్టం లేకపోతే వెనక్కి తిరగవచ్చు, అంతే.

"వద్దు, చూడనివ్వను" అంటే ఏమవుతుంది?

నోటితో అభ్యంతరం చెప్పడం నేరం కాదు. చేయి అడ్డం పెట్టడం, తోయడం, తాళం విసిరేయడం వేరే కేసు అవుతాయి. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 221 కింద విధులకు ఆటంకం కలిగిస్తే మూడు నెలల దాకా జైలు, 2,500 రూపాయల దాకా జరిమానా. చేయి చేసుకుంటే 132 కింద ఇంకా పెద్దది. "నాకు ఇష్టం లేదు, కానీ అడ్డుపడను. దయచేసి వీడియో తీయండి, రాసివ్వండి" అనే వాక్యం కంఠతా పట్టండి. వెంటనే ఇంటికి ఫోన్ చేసి ఎక్కడున్నారో చెప్పండి.

నియమాలు పాటించకపోతే కేసు కొట్టేస్తారా?

ప్రతిసారీ కొట్టేయరు. ఇది చెప్పడం నాకు ఇష్టం ఉండదు, కానీ చెప్పకపోతే తప్పు. సోదాలో లోపం ఉన్నా దొరికిన సాక్ష్యం సంబంధం ఉన్నదైతే కోర్టు చూడవచ్చని 1973లో పూరన్ మల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మామూలు కేసుల్లో లోపం వల్ల సాక్ష్యం బలం తగ్గుతుంది, అంతే. ఎన్‌డీపీఎస్‌లో 42ను పూర్తిగా గాలికొదిలేసినా, 50 ప్రకారం హక్కు చెప్పకుండా ఒంటిని సోదా చేసి సరుకు తీసినా కేసు నిలబడటం కష్టం. శిక్ష ఎంత పెద్దదో నియమం అంత కచ్చితంగా ఉండాలన్న లెక్క అది. నాకు న్యాయంగానే కనిపిస్తుంది.

బండి స్టేషన్‌లో పెట్టేశారు. ఎలా విడిపించుకోవాలి?

బీఎన్‌ఎస్‌ఎస్ 497 లేదా 503 కింద కోర్టులో పిటిషన్ వేయాలి. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, ష్యూరిటీలు సిద్ధం చేసుకోండి. బండ్లను స్టేషన్ ఆవరణలో ఎండకూ వానకూ తుప్పు పట్టనివ్వడంలో అర్థం లేదని 2002లోనే సుందర్‌భాయ్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏ స్టేషన్ వెనక్కి వెళ్ళి చూసినా టైర్లు మట్టిలో దిగిపోయి, ఇంజిన్ మీద తీగలు పాకిన ఆటోలు కనబడతాయి. వాటిలో చాలా వాటి మీద ఒక కుటుంబం బతికి ఉంటుంది. గంజాయి కేసైతే బండి ఇవ్వరని కొందరు చెబుతారు. అలాంటి నిషేధం చట్టంలో లేదని 2025 జనవరిలో బిశ్వజిత్ దే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ట్రావెల్స్‌కు ఇచ్చిన బండైతే, మీకు తెలియకుండా జరిగిందని, తగిన జాగ్రత్తలు తీసుకున్నారని చూపించాలి. డ్రైవర్ ఆధార్ కాపీ, ట్రిప్ షీట్, అద్దె ఒప్పందం అప్పుడే పనికొస్తాయి.

మా అబ్బాయి అమెరికాలో చదువుతున్నాడు. అక్కడ ఎలా?

అక్కడ 1925 నాటి కారల్ కేసు నుంచి ఒక సూత్రం ఉంది. కారులో నేరానికి సంబంధించినది ఉందని నమ్మే గట్టి కారణం ఉంటే వారెంట్ అక్కర్లేదు. అది లేనప్పుడు పోలీసు "చూడవచ్చా?" అని అడుగుతాడు. కాదనే హక్కు ఉందని అతను చెప్పాల్సిన పనిలేదు. మన పిల్లలు మర్యాదకు "ష్యూర్" అనేస్తారు, దాంతో అనుమతి ఇచ్చినట్టే. "నేను సోదాకు ఒప్పుకోవడం లేదు" అని ఇంగ్లిష్‌లో మర్యాదగా చెప్పడం నేర్పండి. చేతులు స్టీరింగ్ మీద కనబడేలా ఉంచమనండి. ఫోన్ లోపల చూడాలంటే మామూలుగా వారెంట్ కావాలని 2014లో రైలీ కేసులో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది.

అన్యాయంగా సోదా చేశారు. ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

ముందుగా ఎస్పీకి లేదా కమిషనర్‌కు రాతపూర్వకంగా, రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ కూడా ఉంది. ఎన్‌డీపీఎస్ పేరు చెప్పి కారణం లేకుండా వేధించడానికి సోదా చేస్తే, ఆ అధికారికే ఆరు నెలల దాకా జైలు గానీ వెయ్యి రూపాయల దాకా జరిమానా గానీ వేయవచ్చని ఆ చట్టం 58వ సెక్షన్ చెబుతుంది. ఫిర్యాదులో తేదీ, సమయం, చోటు, జీపు నంబరు, నేమ్‌ప్లేట్ మీద పేరు రాయండి. అవన్నీ ఆ రాత్రే, ఇంటికి రాగానే, ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. వారం తర్వాత నా ముందు కూర్చుని గుర్తు తెచ్చుకోబోతే జీపు నంబరులో రెండు అంకెలు ఎప్పుడూ మాయమై ఉంటాయి.